రీడు లేని క్లారినెట్

ఇస్త్రీ బాబాయి మా బ్యాండులో పద్దెనిమిదేళ్ళు క్లారినెట్ పట్టుకున్నాడు. ‘ఊదాడు’ అని రాయబోయి ఆగాను. ‘ఊదలేదు’ అని రాద్దామన్నా చెయ్యి రావడం లేదు. ఆ రెండింటికీ మధ్య ఏ మాట ఉందో నాకింకా దొరకలేదు కాబట్టి ప్రస్తుతానికి ‘పట్టుకున్నాడు’ అనే ఉంచుతున్నాను.

ముందు బ్యాండు సంగతి చెప్పాలి. సైకిళ్ళు బాగుచేసే కొట్టు మీద మేడగది మాది. మెట్లు ఎంత ఇరుకంటే, పెద్ద డ్రమ్ముని ఒకసారి పక్కకి తిప్పి, తలుపు దగ్గర ఇంకోసారి తిప్పి లోపలికి తెచ్చాక, దాన్ని వాయించే పీపా మావయ్యని కూడా అలాగే తిప్పి తేవాలి. గోడ నిండా మేకులు. మేకులకి ట్రంపెట్లు, క్లారినెట్లు. అటు గోడ నుంచి ఇటు గోడకి కట్టిన తీగ మీద పన్నెండు ఎర్ర కోట్లు.

పెళ్ళివాళ్ళు వచ్చి ఏం వాయిస్తారని అడగరు. ఎంతమంది వస్తారని అడుగుతారు. పన్నెండుమంది అంటే పెళ్ళి ఘనంగా జరిగినట్టు. తొమ్మిదిమంది అంటే వియ్యంకుడి ముందు నీళ్ళు నమలాలి. వాయించడం వచ్చినవాళ్ళు మాత్రం మా మాస్టారికి ఏనాడూ తొమ్మిదిమందికి మించి దొరకలేదు. అందుకని మిగిలిన మూడు కోట్లలోకి ఖాళీగా ఉన్న ముగ్గురు మనుషుల్ని దూర్చి, చేతికో వాయిద్యం ఇచ్చి, మధ్య వరసలో నడిపించేవాడు. వాళ్ళని డమ్మీలంటాం. ట్రంపెట్ డమ్మీ బుగ్గలు పూరిస్తాడు గానీ ఊదడు. క్లారినెట్ డమ్మీ పొరపాటున కూడా ఊదకుండా రీడే తీసేస్తారు. నోటి దగ్గర బిగించే పల్చని బద్ద అది. అది అదిరితేనే శబ్దం. అది లేని క్లారినెట్ మీటలున్న రూళ్ళకర్ర.

బాబాయి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా లాండ్రీలో ఇస్త్రీ చేస్తాడు. మా కోట్ల ముడతలు కూడా ఆయన చేతికిందే పోయేవి. ఒక పెళ్ళి రోజు డమ్మీ ఒకడు జ్వరమని రాలేదట. అప్పుడే కోట్లు భుజాన వేసుకొచ్చిన బాబాయిని మాస్టారు ఎగాదిగా చూసి, “ఆ చివరిది తొడుక్కో” అన్నాడట. సరిపోయింది. ఆ కోటుతో పాటు ఇచ్చేది క్లారినెట్. అలా క్లారినెట్ ఆయనదైంది. దాని పక్కన ఉన్న కోటు సరిపోయి ఉంటే ఈపాటికి ట్రాంబోన్ మనిషయ్యేవాడు.

నేను కాస్త చదువుతాను. పాత పుస్తకాల కొట్టులో తూకానికి పోయేవాటిలోంచి ఏరుకుని, ఎవరూ చెప్పకుండా, ఎవరికీ చెప్పకుండా చదివిన చదువు. అయినా తెలిసిపోయి, బ్యాండులో నాకు ‘పుస్తకం’ అని పేరు పెట్టారు. మనిషి తన ఆత్మకి సరిపడే వాయిద్యాన్ని వెతుక్కుంటూ వెళ్తాడని ఒక పుస్తకంలో చదివాను. రాసినవాడు మా మేడ ఎక్కి ఉండడు. మా దగ్గర అది చంక కొలతని బట్టి వస్తుంది. నాకూ అంతే. పళ్ళు ఊడిపోయి తాత మానేస్తే, ఆయన కోటు నాకు పట్టింది. ఆయన్ని అందరూ తాత అనే పిలిచేవారు, మాకు క్లారినెట్ నేర్పింది ఆయనే. అప్పటినుంచి ఆరేళ్ళుగా నేను రెండో క్లారినెట్. నా కుడి పక్కన బాబాయి.

ఒకసారి ఊరేగింపు మధ్యలో వాన పట్టుకుంటే ఒక టైర్ల షెడ్డు కింద నిలబడ్డాం. కాలక్షేపానికి ఒక్కొక్కరినీ అడిగాను, మీ వాయిద్యం అంటే మీకెందుకిష్టం అని. పీపా మావయ్య వెంటనే చెప్పాడు. “ఇది కట్టుకుని ముందుకి నడిస్తే ఎంతటివాడైనా తప్పుకుంటాడు. ఇంట్లో మంచం మీద కాస్త జరగమంటే ఎవరూ జరగరు.”

ట్రంపెట్ బావ ఒక ఆఫీసులో ఫైళ్ళు మోసే ఉద్యోగం చేస్తాడు. “రోజంతా అయ్యా, చిత్తం అయ్యా అనే నోరు ఇది. సాయంత్రం రెండు గంటలు అరవనిస్తున్నారు, చాలదూ?” అన్నాడు.

మాస్టారు శాక్సోఫోన్ తుడుచుకుంటూ, “ఫొటోలో మెరుస్తుంది” అన్నాడు. అబద్ధం చెప్పలేదు కదా అనిపించింది.

బాబాయి తన చేతులకేసి చూసుకున్నాడు. “చల్లగా ఉంటుందిరా” అన్నాడు. “పొద్దుటి నుంచి చేతులు ఇస్త్రీపెట్టె దగ్గర కాగుతాయా, ఆ మీటల మీద వేళ్ళు పెడితే... ఇంకా ఏదో ఉంది. చెప్పలేను.”

“నువ్వు ఊదితే కదా బాబాయ్ చెప్పడానికి” అన్నాడు ట్రంపెట్ బావ. అందరం నవ్వాం. బాబాయి కూడా నవ్వాడు గానీ, ఆ మాట తనకి ఎలా వర్తిస్తుందో తెలీనివాడిలా నవ్వాడు. అది నేను అప్పుడు పట్టించుకోలేదు.

అసలు గొడవ ఆవులింతతో మొదలైంది. ఒక పెళ్ళిలో పెళ్ళికూతురి తమ్ముడు ఫోను పట్టుకుని మా మొహాల మీదకొచ్చి వీడియో తీశాడు. ట్రంపెట్ డమ్మీగా వచ్చే పెయింటరు ముందురోజు నిద్ర లేదేమో, ట్రంపెట్ పెదవులకి ఆనించుకునే హాయిగా ఆవులించాడు. పాట మాత్రం ఆగలేదు. ఆ వీడియో ఊరంతా తిరిగింది. ఆ తర్వాత బేరానికి వచ్చిన మొదటి పెద్దమనిషి కుర్చీలో కూర్చోకుండానే, “మీ పన్నెండుమందిలో ఎంతమంది ఆవులిస్తారు?” అని అడిగాడు.

వారం తిరక్కుండా మాస్టారు అందర్నీ మేడగదికి పిలిచాడు.

“ఇకమీదట ఊదేవాడే కోటేసుకుంటాడు” అన్నాడు. “తొమ్మిదిమందిమే వెళ్దాం. తొమ్మిదిమందిమీ మోగుదాం.”

పెయింటరు కోటు విప్పి తీగకి తగిలించాడు. “మేలు చేశారు మాస్టారూ. ఎండల్లో దీంట్లో ఉడికి చచ్చాను.” మూడో డమ్మీ కూరల బండివాడు. అతను రానే లేదు, కోటు మాత్రం పంపించాడు.

బాబాయి కోటు గుండీలు కూడా విప్పలేదు. “నేను వాయిస్తున్నాను కదా మాస్టారూ” అన్నాడు.

గది గొల్లుమంది. నవ్వాపుకోలేక పీపా మావయ్య డ్రమ్ము మీద పడ్డాడు. అదీ మోగింది.

“ఏం వాయిస్తున్నావు, గాలా?” అన్నాడు ట్రంపెట్ బావ.

“పాటలే. అన్నీ వచ్చు. మొదటి నుంచి చివరి దాకా. ఒక్క వేలు తప్పను.”

“మరి శబ్దమేదయ్యా?” అన్నాడు మాస్టారు.

“మీరు రీడివ్వలేదు కదా.”

అందులో వెటకారం లేదు. ఇస్త్రీకి వేసిన బట్టల్లో ఒకటి తక్కువైతే ఎంత మామూలుగా చెప్తాడో అంత మామూలుగా చెప్పాడు.  పద్దెనిమిదేళ్ళలో మాస్టారు రీడివ్వని మాట నిజమే. బాబాయి అడగని మాటా నిజమే. తప్పు ఎవరిదో తేల్చలేక మాస్టారు జేబులోంచి ఒక రీడు తీసి ఆయన అరచేతిలో పెట్టాడు.

“వానలు తగ్గాక మొదటి పెళ్ళికి ఆరు వారాలుంది. అప్పటికి ఊరేగింపు కదిలేటప్పటి నడక పాట ఒక్కటి ఊది చూపించు. మూడో క్లారినెట్ వరస చాలు. ఊదావా, కోటు నీది. లేదంటే కోటూ క్లారినెట్టూ రెండూ ఇక్కడే. ఒరేయ్ పుస్తకం, నేర్పేది నువ్వు. కాస్త పేజీలు తిప్పడం తగ్గించి.”

మెట్లు దిగుతుంటే బాబాయి వెనక నుంచి నా భుజం పట్టుకున్నాడు. “ఒరేయ్, ఈ కోటు లేకపోతే నేనేంటిరా?”

“ఇస్త్రీ మనిషివి” అన్నాను. నా నోరు అంతే, ముందు కరుస్తుంది. ఆయన ఒక మెట్టు మీద ఆగి, ఎవరో కొత్త సంగతి చెప్పినట్టు తలూపాడు. ఆ తలూపు చూశాకే నాకు భయం వేసింది. ఈ మనిషికి మూడో పేరు లేదు. ఉన్న ఒక్క రెండో పేరూ ఆరు వారాల్లో పోయేలా ఉంది.

మర్నాటి నుంచి మధ్యాహ్నాలు లాండ్రీ వెనక గదిలో కూర్చున్నాం. బట్టలుతికే పెద్ద మెషిను పక్కనే. అది తిరుగుతుంటే మా శబ్దం బయటికి పోదని ఆ చోటు ఎంచుకున్నాను. బాబాయి రీడు బిగించి ఊదాడు. ఏమీ రాలేదు. బుగ్గలు ఎర్రబడేదాకా ఊదాడు. నాలుగోసారి ఒక్కసారిగా కీచుమంది. లాండ్రీ యజమాని పరిగెత్తుకొచ్చి మెషిను ఆపేశాడు.

“బేరింగు పోయిందిరా దేవుడా!”

“బేరింగు కాదు, మా బాబాయి” అన్నాను.

ఆయన మెషినునీ బాబాయినీ మార్చి మార్చి చూసి, దేన్ని నమ్మాలో తెలీక వెళ్ళిపోయాడు.

మూడు రోజులు పెదవులతోనే సరిపోయింది. నాలుగో రోజు, “ఊదకు, నేనూదుతాను. నువ్వు ఎప్పట్లా వేళ్ళు ఆడించు, చూస్తాను” అన్నాను. నిజం చెప్పొద్దూ, వేళ్ళు కూడా డమ్మీలే అయ్యుంటాయనుకున్నాను. నడక పాట మొదలుపెట్టాను. బాబాయి వేళ్ళు నా పాటతో పాటే లేచాయి, నా పాటతో పాటే దిగాయి. నేను ఎప్పుడూ తొందరపడే చోట అవి తొందరపడలేదు. చూస్తూ ఊదుతున్నాను గానీ, తల తిరుగుతున్నట్టుగా ఉంది. అంతా సరిగ్గానే ఉంది, ఏదో సరిగ్గా లేదు. అదేమిటో పట్టుకోలేక ఊదడం ఆపేశాను.

క్లారినెట్ తీసుకుని వెలుగులో తిప్పి చూశాను. కింది భాగంలో, మీటా రంధ్రమూ ఏమీ లేని నల్లటి కర్ర మీద, వేలిముద్రంత మేర అరిగి నిగనిగలాడుతోంది.

“ఇదేంటి బాబాయ్ ఈ మచ్చ?”

“చిటికెన వేలు పెట్టే చోటు.”

“అక్కడ మీటే లేదుగా?”

“లేదా?” అని వంగి చూశాడు. “తాత అక్కడే పెట్టేవాడు.”

“తాత ఎక్కడ కూర్చునేవాడు?”

“ఎక్కడేంటి, నాకెదురుగా. మేడగదిలో వాళ్ళు సాధన చేస్తుంటే రోజూ ఎదురుగా కూర్చుని చూసి చూసి నేర్చుకున్నాను.”

అప్పుడు తెలిసింది. క్లారినెట్‌కి పైన ఎడమ చెయ్యి, కింద కుడి చెయ్యి ఉండాలి. బాబాయికి పైన కుడి, కింద ఎడమ. ఎదురుగా కూర్చున్న మనిషిని అద్దంలోలా దించుకున్నాడు. తాత ఎడమ చెయ్యి ఈయన కుడి వైపు కనపడింది కాబట్టి కుడి చేతిని పైకి పంపాడు. పద్దెనిమిదేళ్ళు మీట లేని చోట మీట నొక్కాడు.

నవ్వొచ్చింది, నవ్వాను. కాసేపటికి ఆ నవ్వు ఎవరి మీదో అర్థం కాలేదు. మాస్టారు చూడలేదు. ఇన్నేళ్ళ పెళ్ళిళ్ళలో ఎదురొచ్చిన వేలమంది చూడలేదు. మొహం మీదకొచ్చి తీసిన ఫోను కూడా చూడలేదు. ఆరేళ్ళు మోచెయ్యికి మోచెయ్యి తగిలేలా నడిచిన నేను చూడలేదు. లోకంలో ఎవరి కళ్ళు ఎవరి మీద ఉంటాయో!

“అయితే పద్దెనిమిదేళ్ళూ తప్పేనా?” అన్నాడు బాబాయి.

“తప్పని కాదు. తిరగబడింది.”

“తప్పు కాకపోతే మరేంటి?”

  “సరే, నీ చేతులతోనే ఓసారి ఊదు” అన్నాను. ఊదాడు. నడక పాట వచ్చింది. వణుకుతూ, కీచుమంటూ, కానీ నడక పాటే. చిటికెన వేళ్ళు మీట నొక్కాల్సిన చోటల్లా స్వరం రాక, నాలుగడుగులకోసారి గుంటలో కాలు పడ్డట్టు పాట కుంటింది. గుంట వచ్చిన ప్రతిసారీ బాబాయి వేలు మాత్రం ఆ నిగనిగలాడే మచ్చ మీద నమ్మకంగా దిగింది.

“అక్కడ స్వరం రావట్లేదు బాబాయ్.”

“నాకు వినపడుతోందే!”

ఆయన నన్ను ఆటపట్టిస్తున్నాడేమోనని మొహంలోకి చూశాను. ఆయన నా చెవులకేమైందోనన్నట్టు నా మొహంలోకి చూస్తున్నాడు.

కుంటి పాటని మాస్టారు ఒప్పుకోడు. చేతులు మార్చాల్సిందే. అన్నం తినే చెయ్యి మార్చుకోమన్నట్టుంది ఆయనకి. ఎడమని పైకి పంపితే వేళ్ళన్నీ ఒకదాన్నొకటి అడిగేవి, ముందు ఎవరు లేవాలని. అలవాటు కావాలని ఎడం చేత్తో ఇస్త్రీ మొదలుపెట్టి ఒక వకీలు చొక్కా వీపు మీద ఇస్త్రీపెట్టె ఆకారం అచ్చు వేశాడు. యజమాని అరిస్తే, “నల్లకోటు కింద కనపడదులెండి” అన్నాడట. వచ్చిన పాటని చెరిపేసి అదే పాట మళ్ళీ నేర్చుకోవడం ఎలాంటిదో నాకు తెలీదు. ఏమీ రానివాడికి నేర్పడం ఇంతకన్నా సులువని మాత్రం తెలిసింది.

ఒక మధ్యాహ్నం పిన్ని వచ్చింది. ఇంటి దగ్గర లాండ్రీ చొక్కాలకి ఊడిన గుండీలు కుట్టి తెచ్చి ఇస్తుంటుంది. తలుపు దగ్గర సంచి పట్టుకుని చాలాసేపు నిలబడి విన్నది.

“ఇదేనా ఇన్నేళ్ళ నుంచి మీరూదుతున్నది?” అంది. “ఏమంత బాగా లేదే.”

“చెయ్యి మార్చానే” అన్నాడు బాబాయి, తల ఎత్తకుండా.

“ఎందుకు మార్చడం? మంచం పట్టె మీద బానే వాయిస్తారుగా.” నావైపు తిరిగింది. “ఊరేగింపు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని, మంచం పట్టె మీద వేళ్ళాడించుకుంటూ కూర్చుంటాడు అబ్బాయ్. ఆ వేళ్ళు చూసి ఏ పాటో చెప్పేస్తాను నేను. ఇంట్లో ఊదకూడదని బ్యాండు రూలటగా?”

బాబాయి క్లారినెట్ లోపల ఏదో ఇరుక్కున్నట్టు గొట్టంలోకి చూశాడు. నేను రీడు తుడిచాను. ఆవిడకి సంగతి తెలుసో, తెలిసి అడిగిందో, నిజంగానే రూలు సంగతి అడిగిందో నాకు తేలలేదు. లోకంలో ఆయన వేళ్ళు చూసిన ఒకే ఒక్క మనిషి ఆవిడ. ఆవిడకి అవి తిరగబడి ఉన్నాయని ఎవరు చెప్తారు?

ఆరో వారం చివర మేడగదిలో పరీక్ష. మాస్టారు కళ్ళు మూసుకుని విన్నాడు. పీపా మావయ్య కాలు ఊపడానికి మొదలుపెట్టి, తాళం అందక ఆపి, మళ్ళీ అందుకున్నాడు. బాబాయి ఎడమ చెయ్యి పైన, కుడి చెయ్యి కింద పెట్టి, పరాయివాళ్ళ చేతుల్ని తెచ్చి అతికించుకున్నవాడిలా నిలబడి, నడక పాట చివరి దాకా ఊదాడు. గుంటల్లేవు.

“పిల్లి గొంతు పట్టుకున్నట్టుంది” అన్నాడు మాస్టారు కళ్ళు తెరిచి. “అయినా పిల్లి బతికే ఉంది. కోటు తీసుకో.”

అందరూ చప్పట్లు కొట్టారు. ట్రంపెట్ బావ లేచొచ్చి కావిలించుకున్నాడు. నేనూ గర్వపడ్డాను, దాచడం ఎందుకు. ఆరేళ్ళలో నేను చేసిన పని ఇదొక్కటే అనిపించింది. బాబాయి మాత్రం కోటు గుండీలు పెట్టుకుంటూ, పెట్టిన గుండీ మళ్ళీ విప్పుతూ, “బాగుందా? బాగుందా?” అని అందర్నీ అడిగాడు. తనకి తెలీనట్టు.

వానలు వెలిశాక మొదటి ఊరేగింపు. ఎండ వాలుతోంది, వీధి రెండు పక్కలా మేడల మీంచి జనం. పదిమందిమి నడిచాం, పదిమందిమీ మోగాం. వీధి చివర పాట ఆగినప్పుడు బాబాయి నా చెవి దగ్గరకొచ్చాడు.

“ఒరేయ్, ఇందాక నడక పాట వాయించారా?”

“అదేంటి బాబాయ్, నువ్వే వాయించావుగా!”

“నేను నాది ఊదాను. నాకు నాదే వినపడింది. మీరు కనపడలేదు.” పొరపాటు దిద్దుకున్నాడు. “వినపడలేదు.”

“ఊదేటప్పుడు అంతే. అందరికీ అంతే.”

“అందరికీనా?” నమ్మలేనట్టు వరసంతా చూశాడు. “ఇదివరకు అంతా దీంట్లోంచే వచ్చేదిరా. నీదీ, ట్రంపెట్టూ, చివరికి డ్రమ్ము కూడా. వేలు ఎత్తితే డ్రమ్ము, వేలు దించితే మాస్టారు. అన్నీ నేనే వాయించేవాణ్ణి. ఇప్పుడు నేనూదిందే వస్తోంది.”

ఆ టైర్ల షెడ్డు కింద చెప్పలేకపోయినది ఇదేనేమో.  అలవాటవుతుందన్నాను.

అలవాటయింది కూడా. నాలుగైదు నెలల్లో బాబాయి మాలో ఒకడైపోయాడు. పెళ్ళికొడుకు ఆలస్యం చేస్తే గడియారం చూసుకుంటాడు. బూట్లు కరుస్తున్నాయంటాడు. రెండు పాటల మధ్య పెదవులు తడుపుకుంటూ, “ఇంకెంత దూరంరా ఈ దిక్కుమాలిన వీధి” అంటాడు. కీచుమనడం తగ్గింది. మాస్టారు ఒకసారి మెచ్చుకున్నాడు కూడా. కొత్త చోట, మీట మీద, వేలు సరిగ్గా పడుతోంది. పాత మచ్చ మీద దుమ్ము పట్టింది.

ఒకరోజు లాండ్రీ దగ్గర పిన్ని గుండీల సంచి ఇస్తూ, “మీ బాబాయి ఇప్పుడు మంచం పట్టె మీద వాయించట్లేదబ్బాయ్” అంది. ఫిర్యాదులా అనలేదు. “వస్తాడు, కోటు విప్పుతాడు, పడుకుంటాడు. ఒంట్లో బాగానే ఉందంటావా?”

“బాగానే ఉంది పిన్నీ. పని ఎక్కువైంది. ఇప్పుడు నిజంగా ఊ...” అని నాలిక కరుచుకున్నాను. ఆవిడ విన్నట్టు లేదు. విని ఊరుకుందేమో.

ఆయనకి నేను క్లారినెట్ ఇచ్చానా, ఉన్న క్లారినెట్ లాగేసుకున్నానా? కోటు నిలబెట్టాను, అది నిజం. అది తప్ప మిగతాదంతా ఎటు తిప్పినా రెండు పక్కలా ఒకేలా కనపడుతోంది. ఇష్టపడకుండానే ఆరేళ్ళు ఊదినవాణ్ణి నేను. ఊదకుండా పద్దెనిమిదేళ్ళు ఇష్టపడ్డవాడు ఆయన. మా ఇద్దరిలో ఎవరు ఎవరికి నేర్పాలో చూడకుండా, మాస్టారు చూపించిన వైపు నేర్పేశాను.

ఆ ఆదివారం సాయంత్రం ఊరేగింపు మొదలయ్యే ముందు, గోడ వైపు తిరిగి, నా క్లారినెట్ రీడు తీసి చొక్కా జేబులో వేసుకున్నాను. ఎందుకంటే చెప్పలేను. ఆయన విన్నదేంటో ఒకసారి వినాలనిపించింది, అంతే.

నడక పాట మొదలైంది. బుగ్గలు పూరించి వేళ్ళాడించాను. మొదట సిగ్గేసింది. తర్వాత భయమేసింది, మేడల మీద ప్రతి ఫోనూ నా మొహం మీదే ఉన్నట్టు. వీధి మలుపు తిరిగాక అవి రెండూ పోయాయి. ఆరేళ్ళలో మొదటిసారి మా బ్యాండు విన్నాను. చాలా అధ్వాన్నంగా ఉంది. ట్రంపెట్ బావ పాటకన్నా అరగజం ముందున్నాడు, పీపా మావయ్య తన ఇంట్లో వాళ్ళందర్నీ మంచం మీంచి తోసేస్తున్నట్టు బాదుతున్నాడు, శాక్సోఫోన్ ఫొటో కోసం అప్పుడప్పుడూ ఆగుతోంది. కుడి పక్కన బాబాయి సన్నగా, బితుకుబితుకుమంటూ, ఒక్క స్వరం తప్పకుండా ఊదుతున్నాడు. వీటన్నిటి మధ్యలో, నేను ఊదాల్సిన చోట, నా వరస కూడా వినపడుతోంది. వినపడటానికి వీల్లేదు. నా రీడు జేబులో గుచ్చుకుంటోంది. అయినా వేలు దించిన ప్రతిసారీ వినపడుతోంది, నేనెన్నడూ ఊదనంత తీరిగ్గా.

పాట ఆగింది. మాస్టారు వెనక్కి తిరిగి నేరుగా నా దగ్గరకొచ్చాడు. ఎంతైనా పాతికేళ్ళ చెవి.

“పుస్తకం, నువ్వు ఊదట్లేదు.”

 ఊదేవాడే కోటేసుకుంటాడు. ఆ మాట చెప్పిన మనిషే నా మొహంలో మొహం పెట్టి నిలబడ్డాడు. నా చెయ్యి జేబు మీదకి పోయింది. ఆ చెయ్యి వెళ్ళడం బాబాయి చూశాడు, నా నోటి దగ్గర బద్ద లేకపోవడమూ చూశాడు.

“ఊదుతున్నాడు మాస్టారూ” అన్నాడు. “నేను పక్కనే ఉన్నాను కదా. నాకు వినపడుతోంది.”

మాస్టారు ఆయన్ని చూశాడు, నన్ను చూశాడు.  ముందు నుంచి పెళ్ళివాళ్ళు కేకేస్తే తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు.

“ఒరేయ్” అన్నాడు బాబాయి చెవిలో. అబద్ధమాడినవాడి గొంతు కాదది. “నిజంగానే వినపడిందిరా. ఇన్నాళ్ళకి. నువ్వు ఊదలేదా?”

తెలీదన్నాను. ముందు వరసలో మాస్టారు తర్వాతి పాటకి చెయ్యెత్తాడు. జేబులో రీడు ఉంది. తీసి బిగించే టైముందో లేదో, ఉన్నా బిగించాలో వద్దో తేల్చుకోకుండానే క్లారినెట్ నోటికి ఆనించాను. పక్కన బాబాయి కూడా ఆనించాడు. ఆయన కుడి చెయ్యి పైకి వెళ్ళబోయి, సగంలో ఆగి, ఎటు పోవాలో తెలీనట్టు గాలిలోనే ఉండిపోయింది.